పచ్చ టిక్కు పడిన రసీదు, ఖాతాలో చేరని డబ్బు: ఒక వసూళ్ల యాప్‌లో నకిలీ సంతకాల కేసు

హైదరాబాద్‌లో కిరాణా సరుకును దుకాణాలకు పంపిణీ చేసే ఒక సంస్థకు చెందిన కేసు ఇది. సంస్థ పేరు గాని, అందులో పనిచేసేవారి పేర్లు గాని ఇక్కడ ఇవ్వడం లేదు. కార్యాలయం మాదాపూర్‌లో, గోదాములు కాటేదాన్ వైపు ఉంటాయి. వసూళ్లు ఎక్కువగా బేగంబజార్, ఉస్మాన్‌గంజ్, మోండా మార్కెట్ ప్రాంతాల్లో జరుగుతాయి. సేల్స్‌మన్ దుకాణానికి వెళ్లి పాత బాకీలో కొంత నగదుగా వసూలు చేసుకుని, ఫోన్‌లోని యాప్‌లో మొత్తం కొట్టి, నడుముకు తగిలించుకున్న చిన్న బ్లూటూత్ ప్రింటర్ నుంచి రసీదు చింపి ఇస్తాడు. రసీదు అడుగున ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. అందులో రసీదు నంబరు, దుకాణం కోడు, మొత్తం, సమయం, వాటన్నిటి మీద ఒక డిజిటల్ సంతకం (రహస్య కీతో లెక్కగట్టిన, ఏ మార్పు జరిగినా పట్టించే గుర్తు) ఉంటాయి. దుకాణదారు తన ఫోన్‌లో ఉన్న సంస్థ యాప్‌తో ఆ కోడ్‌ను స్కాన్ చేస్తే, సంతకం సరిపోయినప్పుడు పచ్చ టిక్కు పడుతుంది.

నెలాఖరు లెక్కల్లో కొన్ని దుకాణాల ఖాతాలు కలవలేదు. దుకాణదారుల దగ్గర రసీదులు ఉన్నాయి, సర్వర్‌లో ఆ జమలు లేవు. రసీదులను మళ్లీ స్కాన్ చేస్తే పచ్చ టిక్కే పడుతోంది. బేగంబజార్‌లో ఒక సేఠ్ గారు ఫోన్ తిప్పి చూపిస్తూ, "మీ యాప్‌లనే టిక్కు వచ్చింది సార్, ఇంకేం గావాలె?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. ఆ బజారులో నేలమాళిగ గోదాములు చాలా ఉన్నాయి, అక్కడ సిగ్నల్ అందదు కాబట్టి, యాప్ నెట్ లేకుండానే రసీదు ఇచ్చి, తరువాత సర్వర్‌కు పంపేలా కట్టారు. అందువల్ల సంస్థలోని డెవలపర్లు మొదట ఇది డేటా సింక్ లోపమనే అనుకుని, వరుసలో నిలిచిపోయిన రికార్డుల కోసం వెతికారు.

ఆ అనుమానాన్ని మార్చింది ఒక రసీదు నంబరు. సేఠ్ గారి దగ్గర ఉన్న కాగితం మీది నంబరే సర్వర్‌లో వేరే దుకాణం పేరున, వేరే మొత్తంతో నమోదై ఉంది. రెండింటి సంతకాలూ సరిగ్గానే సరిపోతున్నాయి. ఒకే నంబరు మీద రెండు చెల్లుబాటయ్యే సంతకాలు ఉన్నాయంటే, సంతకం పెట్టే ప్రైవేట్ కీని (ఆ రహస్య కీని) వాడుతున్నది సంస్థ యాప్ ఒక్కటే కాదని అర్థం. యాప్ భద్రతను పరిశీలించే మమ్మల్ని సంస్థ పిలిచింది ఈ దశలో.

ఫోన్‌లో దొరికినది

సర్వర్ లాగుల్లో (జరిగిన పనుల నమోదుల్లో) ఇంకో ఆనవాలు దొరికింది. యాప్ ప్రతి ఇన్‌స్టాలేషన్‌కు ఒక గుర్తింపు సంఖ్యను పుట్టిస్తుంది. అనుమానం వచ్చిన రసీదుల తాలూకు సేల్స్‌మన్ల ఖాతాల్లో, ఫోన్ మారకుండానే, ఆ సంఖ్య మారింది. అంటే పాత యాప్‌ను తీసేసి కొత్తగా వేసుకున్నారు. మామూలు అప్‌డేట్‌కు ఆ అవసరం ఉండదు. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ మీద అదే ప్యాకేజీ పేరుతో ఇంకో ఏపీకేను (యాప్ ఇన్‌స్టాల్ అయ్యే ఫైలు) వేయాలంటే రెండూ ఒకే సర్టిఫికెట్‌తో సంతకం చేసినవై ఉండాలి (ఇది రసీదు మీది సంతకం కాదు, యాప్ ఫైలు మీద తయారీదారు పెట్టేది; సర్టిఫికెట్ ఆ తయారీదారును గుర్తించే పత్రం). లేకపోతే ఫోన్ ఒప్పుకోదు. తీసేసి వేయాల్సి వచ్చిందంటే, రెండో ఏపీకే మీద సంతకం వేరే ఎవరిదో.

సంస్థ అప్పగించిన ఒక ఫోన్ నుంచి ఏపీకేను బయటికి లాగి, ఏపీకేసైనర్ పనిముట్టుతో సర్టిఫికెట్ వివరాలు చూశాం. సంతకందారు పేరు గడిలో 'ఆండ్రాయిడ్', ఊరు గడిలో 'మౌంటెన్ వ్యూ', రాష్ట్రం గడిలో 'కాలిఫోర్నియా' అని ఉంది. మాదాపూర్‌లో తయారైన యాప్‌కు ఈ చిరునామా ఎక్కడి నుంచి వచ్చింది? ఇది ఆండ్రాయిడ్ సోర్స్‌కోడ్‌తో పాటు అందరికీ దొరికే పరీక్షల కీ. దాని ప్రైవేట్ భాగం కూడా బహిరంగమే. ఫోన్‌లోనే ఏపీకేలను విప్పి మార్చి మళ్లీ కట్టే పనిముట్లు చాలావరకు దీన్నో, ఇలాంటి ఇంకో డీబగ్ కీనో వాడేస్తాయి. కేసు చూసేవారికి ఇది తొలి నిమిషంలోనే తేలే విషయం, కాబట్టి మొదట దీన్నే చూడాలి.

అసలు యాప్‌ను పాత పద్ధతిలో, అంటే జార్ సంతకంతో (ఏపీకే లోపలి ఫైళ్లను విడివిడిగా సరిచూసేది) మాత్రమే విడుదల చేస్తున్నారని తెలిసినప్పుడు, 2017 డిసెంబరులో బయటపడిన జానస్ లోపాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఆ లోపంలో ఏపీకే ఫైలు ముందు భాగాన వేరే డెక్స్ (ఆండ్రాయిడ్ నడిపే రూపం) కోడ్‌ను అతికిస్తారు. సంతకం పరిశీలించే భాగం దాన్ని జిప్ ఫైలుగా చదివి అంతా సరిగ్గా ఉందంటుంది, కోడ్ నడిపే భాగం అదే ఫైలును డెక్స్‌గా చదివి దొంగ కోడ్‌ను నడుపుతుంది. అయితే జానస్‌లో అసలు సంతకం చెక్కుచెదరకుండా ఉంటుంది. మాకు దొరికిన ఫైలులో సర్టిఫికెట్టే మారింది, ఫైలు మొదటి బైట్లు కూడా జిప్‌వే. కాబట్టి ఆ దారిని పక్కన పెట్టాం. ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన రెండో తరం సంతకం మొత్తం ఫైలును కాపాడుతుంది కాబట్టి జానస్ దాని ముందు పనిచేయదు. ఆ తరం సంతకాన్ని ఇంకా వాడని విడుదల విధానాన్ని మాత్రం అదే వారంలో మార్పించాం.

అసలు యాప్‌లో సంతకాన్ని తనిఖీ చేసే కోడ్ లేక కాదు. యాప్ తెరుచుకోగానే ఆండ్రాయిడ్‌లో యాప్‌ల వివరాలు ఉంచే ప్యాకేజ్ మేనేజర్‌ను అడిగి తన సర్టిఫికెట్ ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్రను (దాని నుంచి లెక్కగట్టిన చిన్న విలువ) తెలుసుకుని, కోడ్‌లో రాసి పెట్టుకున్న విలువతో పోల్చి, తేడా వస్తే మూసుకుపోతుంది. మార్చిన ఏపీకేలో ఈ కోడ్‌ను ముట్టుకోనే లేదు. దానికి ముందుగా నడిచే ఒక చిన్న కోడ్ ముక్కను చేర్చారు. సిస్టమ్ నుంచి ప్యాకేజీ సమాచారం పార్సెల్‌గా వచ్చి యాప్‌లో విప్పుకునే చోట అది కూర్చుని, సర్టిఫికెట్ బైట్లను తీసి వాటి స్థానంలో అసలు సంస్థ సర్టిఫికెట్ బైట్లను పెడుతుంది. సర్టిఫికెట్ రహస్యం కాదు, ప్రతి అసలు ఏపీకేలోనూ ఉంటుంది. యాప్ తన ఏపీకే ఫైలును నేరుగా తెరిచి చూసుకునే తనిఖీ కూడా ఒకటి ఉంది. దానికి విరుగుడుగా అసలు ఏపీకేను మొత్తంగా కొత్త ఏపీకే లోపల దాచి, ఫైలు తెరిచే పిలుపును దాని వైపు మళ్లించారు. తనిఖీ అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబే వచ్చింది, కాకపోతే అది వేరే ఫైలు గురించిన నిజం. దొంగ ఇంట్లో దొంగనే కాపలా పెట్టినట్టు, పరిశీలించే కోడూ పరిశీలనకు లోనయ్యే కోడూ ఒకే ప్రాసెస్‌లో ఉన్నంతకాలం దీనికి అంతు లేదు. కోడ్‌ను ఎంత గజిబిజి చేసినా అవతలివాడి సమయం కాస్త పెరుగుతుంది, అంతే.

మిగిలిన మార్పులు రెండు. హాజరు కోసం పెట్టిన లొకేషన్ తనిఖీని తీసేశారు. ఒక మీట నొక్కితే ఆ రసీదు సర్వర్‌కు వెళ్లే వరుసలో చేరకుండా చేశారు. వాట్సాప్ గ్రూపుల్లో ఈ ఏపీకే తిరిగింది లొకేషన్ తప్పించుకునే సౌకర్యం కోసమే; వేసుకున్నవారిలో ఎక్కువమంది డబ్బు జోలికి పోలేదు. ఈ తేడాను గుర్తించమని యాజమాన్యానికి నివేదికలో రాశాం. ఎండలో తిరిగే మనిషిని అరగంటకోసారి లొకేషన్ అడిగే యాప్‌కు మార్పు చేసిన యాప్ పుట్టుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

సంతకం ఎలా పుట్టింది

డబ్బు పోయింది రసీదు సంతకం వల్ల. రసీదులన్నిటికీ ఆర్‌ఎస్‌ఏ అనే సంతకం పద్ధతిలో 2048 బిట్ల కీ ఒకటే, అందరు సేల్స్‌మన్లకూ అదే. దాని ప్రైవేట్ భాగాన్ని యంత్రభాషలోకి మార్చిన కోడ్ ఉండే ఒక నేటివ్ లైబ్రరీ ఫైలులో, ఒక స్థిరమైన బైట్ల వరుసతో ఎక్సార్ (బిట్లను కలిపి మార్చే సులువైన లెక్క) చేసి దాచారు. ఎక్సార్ వరుస కూడా అదే ఫైలులో ఉంది. నిజానికి మార్పు చేసినవాడు దాన్ని విప్పాల్సిన అవసరం కూడా రాలేదు. లైబ్రరీలోని సంతకం ఫంక్షన్‌ను తన యాప్ నుంచి పిలిస్తే చాలు, అది అడిగినవారికల్లా సంతకం పెట్టి ఇస్తుంది.

ఇక్కడ ఎవరూ ఆర్‌ఎస్‌ఏను ఛేదించలేదు. నేను చూసిన 'ఫోర్జరీ' కేసుల్లో దాదాపు అన్నీ ఇలాంటివే: గణితం నిలబడే ఉంటుంది, సంతకాన్ని చూసే చోటో, కీ ఉన్న చోటో లొంగిపోతుంది. ఆండ్రాయిడ్ చరిత్రలోని పెద్ద లోపాలు కూడా ఆ కోవలోవే. 2013లో బయటపడిన 'మాస్టర్ కీ' లోపంలో ఒకే పేరుతో జిప్‌లో రెండు ఫైళ్లుంటే పరిశీలించేది ఒకటి, నడిచేది ఇంకొకటి. 2014 నాటి 'ఫేక్ ఐడీ'లో సర్టిఫికెట్ గొలుసులో 'నన్ను ఫలానా వారు జారీ చేశారు' అన్న మాటను సంతకంతో సరిచూడకుండానే నమ్మారు. అందువల్ల యాప్‌లో తనిఖీని బలపరచమని సంస్థ అడిగినప్పుడు, మేము తనిఖీ చోటునే మార్చమన్నాం.

కొత్త ఏర్పాటు

ముందుగా ఉమ్మడి కీని రద్దు చేశాం. ఇప్పుడు ప్రతి ఫోన్ తన సొంత కీని ఫోన్‌లో కీలను భద్రపరిచే ఆండ్రాయిడ్ కీస్టోర్‌లో పుట్టించుకుంటుంది. ప్రైవేట్ భాగం హార్డ్‌వేర్ భద్రతా ప్రాంతం దాటి బయటికి రాదు, యాప్‌కు కూడా కనబడదు. సంతకం పెట్టించుకోవడం మాత్రమే కుదురుతుంది. కీ పుట్టే సమయంలో సర్వర్ పంపిన యాదృచ్ఛిక సంఖ్యను చేర్చి అటెస్టేషన్ (కీ గురించి ఫోన్ హార్డ్‌వేర్ ఇచ్చే ధ్రువీకరణ) సర్టిఫికెట్ల గొలుసును తీసుకుంటాం. సర్వర్ ఆ గొలుసును గూగుల్ మూల సర్టిఫికెట్ వరకు సరిచూసి, అందులో రాసి ఉన్న వివరాలను చదువుతుంది. కీ నిజంగా హార్డ్‌వేర్‌లోనే పుట్టిందా, తాను పంపిన సంఖ్యే తిరిగి వచ్చిందా, కీని అడిగిన యాప్ ప్యాకేజీ పేరేమిటి, ఆ యాప్ మీద ఉన్న సర్టిఫికెట్ వేలిముద్ర ఏమిటి అన్నవి అందులో ఉంటాయి. మార్పు చేసిన యాప్ ఇక్కడ దొరికిపోతుంది. పాత యాప్‌ను తీసేసిన క్షణంలోనే కీస్టోర్‌లోని దాని కీ చెరిగిపోతుంది కాబట్టి, కొత్త యాప్ కొత్త కీ అడగక తప్పదు. ఆ కీ అటెస్టేషన్‌లో మౌంటెన్ వ్యూ సర్టిఫికెట్ వేలిముద్రే కనబడుతుంది.

ఇందులో చాలామంది వదిలేసే ఒక మెలిక ఉంది. యాప్ వేలిముద్రను అటెస్టేషన్‌లో నింపేది భద్రతా చిప్ కాదు, దానిపైన నడిచే ఆండ్రాయిడ్ వ్యవస్థ. వ్యవస్థనే మార్చుకున్న ఫోన్ ఆ గడిలో ఏమైనా రాయగలదు. అందుకని దాన్ని విడిగా నమ్మకూడదు. అదే సర్టిఫికెట్‌లో హార్డ్‌వేర్ చెప్పే బూట్ స్థితిని, బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే వ్యవస్థను నడిపించే భాగం) తాళం వేసి ఉందా అన్న గడిని కలిపి చదవాలి. ఆ రెండూ సరిగ్గా ఉన్నప్పుడే వేలిముద్రకు విలువ. కొన్ని ఫోన్ నమూనాల అటెస్టేషన్ కీలు బయటికి పొక్కిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, రద్దయిన సర్టిఫికెట్ల జాబితాను గూగుల్ ఎప్పటికప్పుడు ప్రచురిస్తుంది. దాన్ని చూడకుండా గొలుసును అంగీకరించే సర్వర్ కోడ్ సగం పనే చేసినట్టు.

సిగ్నల్ లేని గోదాములో ఇవేవీ అందుబాటులో ఉండవు. ఎక్కువ చర్చ జరిగింది ఇక్కడే. చివరికి కుదిరిన పద్ధతి ఇది: పొద్దున సేల్స్‌మన్ లాగిన్ అయినప్పుడు సర్వర్ ఆ రోజుకు కొన్ని రసీదు నంబర్లను కేటాయిస్తుంది. ప్రతి నంబరుకూ తేదీ, గరిష్ఠ మొత్తం, ఆ ఫోన్ పబ్లిక్ కీ (ఆ ఫోన్ సంతకాన్ని సరిచూసేది) చేర్చి తన కీతో సంతకం చేసిన చీటీని పంపుతుంది. రసీదు ఇచ్చేటప్పుడు ఫోన్ ఆ చీటీకి దుకాణం కోడు, మొత్తం, సమయం జోడించి తన హార్డ్‌వేర్ కీతో సంతకం పెడుతుంది. దుకాణదారు యాప్ నెట్ లేకుండానే ముందు చీటీ మీద సర్వర్ సంతకాన్ని, తరువాత చీటీలో ఉన్న కీతో రసీదు సంతకాన్ని సరిచూస్తుంది. ఒక రోజు నంబర్లలో వాడినవి, వాడనివి రెండూ రాత్రికి లెక్క అప్పజెబితేనే మరుసటి రోజు నంబర్లు వస్తాయి. సర్వర్‌కు చేరకుండా దాచిన రసీదు ఆ రాత్రే ఖాళీగా కనబడుతుంది. నెలాఖరు దాకా ఆగనక్కరలేదు.

సంతకాలు రెండయ్యాయి కాబట్టి క్యూఆర్ కోడ్ ఇంకా ఇరుకవుతుందని డెవలపర్లు భయపడ్డారు. 58 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద పాత ఆర్‌ఎస్‌ఏ కోడ్ అప్పటికే అలుక్కుపోయి స్కాన్ కావడానికి మొరాయించేది. పీ-256 వక్రంతో పనిచేసే ఈసీడీఎస్‌ఏ అనే సంతకం పద్ధతికి మారితే సంతకం 64 బైట్లు, కుదించిన పబ్లిక్ కీ 33 బైట్లు. రెండు సంతకాలు, ఒక కీ కలిపి 161 బైట్లు. ఆర్‌ఎస్‌ఏ సంతకం ఒక్కటే 256 బైట్లు. గళ్లు పెద్దవయ్యాయి, స్కాన్ తేలికైంది. సేల్స్‌మన్లు ఈ మార్పులో మెచ్చుకున్నది ఇదొక్కటే.

ఈసీడీఎస్‌ఏకు మారుతున్నప్పుడు సర్వర్‌ను కూడా పరీక్షించాలి. సంస్థ సర్వర్ జావా 17 మీద నడుస్తోంది. జావా 15లో ఈ సంతకాల కోడ్‌ను తిరగరాసినప్పుడు, సంతకంలోని రెండు సంఖ్యలూ సున్నా కాకూడదన్న తనిఖీ జారిపోయింది. ఫలితంగా రెండు సున్నాలున్న ఖాళీ సంతకం ఏ సందేశానికైనా, ఏ కీకైనా సరిపోయేది. భద్రతా పరిశోధకుడు నీల్ మ్యాడెన్ దీన్ని కనిపెట్టి తెలియజేయగా, ఒరాకిల్ 2022 ఏప్రిల్‌లో దిద్దింది. 17 వరుసలో 17.0.3 నుంచి ఈ లోపం లేదు. వెర్షన్ నంబరు చూసి ఊరుకోకుండా, ఆ ఖాళీ సంతకాన్నే పరీక్షల్లో చేర్చాం. డీఈఆర్ (సంతకాన్ని బైట్లుగా రాసే ప్రామాణిక పద్ధతి) రూపంలో అది ఎనిమిది బైట్లే: 30 06 02 01 00 02 01 00. దీన్ని సర్వర్ తిరస్కరిస్తేనే కొత్త వెర్షన్ తయారీ (బిల్డ్) ముందుకు కదులుతుంది. దానితో పాటు, లాగిన్ టోకెన్లలో (లాగిన్ అయ్యారని చూపే డిజిటల్ గుర్తుల్లో) 'ఏ అల్గారిథమ్' అన్నది టోకెనే చెప్పే పద్ధతిని తీసేసి, సర్వర్‌లో ఒక్క అల్గారిథమ్‌ను స్థిరపరిచాం. అల్గారిథమ్ 'ఏదీ లేదు' అని రాసి ఉన్న టోకెన్‌ను ఆమోదించే లైబ్రరీలు ఒకప్పుడు ఉండేవి.

పంపిణీ అలవాటును మార్చడమే అన్నిటికంటే కష్టమైంది. అప్పటిదాకా సూపర్‌వైజర్ వాట్సాప్ గ్రూపులో ఏపీకే పెడితే అందరూ దించుకునేవారు. నగరంలో చలానా పేరుతో, పెళ్లిపత్రిక పేరుతో ఏపీకేలు వస్తున్నాయని పోలీసులు హెచ్చరిస్తున్న కాలంలో, సంస్థ తానే తన మనుషులకు వాట్సాప్ ఏపీకేను నమ్మడం నేర్పింది. ఇప్పుడు యాప్ ప్లే స్టోర్‌లో సంస్థకు మాత్రమే కనబడే ప్రైవేట్ యాప్‌గా వస్తుంది. ప్లేకు మారేటప్పుడు పాత సంతకం కీని గూగుల్‌కు అప్పగించి కొనసాగించాం. లేకపోతే, ప్లేకు పంపేటప్పుడు వాడే అప్‌లోడ్ కీ వేరు, చివరగా ఫోన్‌కు చేరే యాప్ మీది కీ వేరు అన్నది మరిచి, సర్వర్‌లో అప్‌లోడ్ కీ వేలిముద్ర రాసి పెట్టి, అసలు వాడుకరులనే బయటికి నెట్టే ప్రమాదం ఉంది.

ప్లే నుంచి రావడం వల్ల ప్లే ఇంటెగ్రిటీ తీర్పును (యాప్, ఫోన్ అసలువేనా అని గూగుల్ చెప్పేది) కూడా వాడుకోగలిగాం. లాగిన్‌లో, రాత్రి లెక్క అప్పగింతలో ఆ అభ్యర్థన హాష్‌ను (దాని నుంచి లెక్కగట్టిన చిన్న విలువను) కట్టి టోకెన్ తీసుకుంటాం; విప్పి చదివేది సర్వర్ మాత్రమే. టోకెన్‌ను యాప్‌కు తిప్పి పంపి 'సరే' అన్న జవాబును యాప్ నుంచే తీసుకునే ఏర్పాట్లు కూడా నేను చూశాను. అక్కడ పాత కథే మళ్లీ మొదలవుతుంది.

దుకాణదారు వైపు యాప్ కూడా మార్చదగినదే కాబట్టి, పచ్చ టిక్కును తుది మాటగా ఉంచలేదు. రసీదు సర్వర్‌కు చేరగానే దుకాణదారుకు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. వాణిజ్య ఎస్సెమ్మెస్‌ల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీలో సంస్థ హెడర్ (పంపేవారి పేరు), సందేశం నమూనా నమోదు చేయించుకోవడానికి పట్టిన సమయం కోడ్ రాయడానికి పట్టలేదు.

చట్టం, మిగిలినవి

2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆదేశాల ప్రకారం, తెలియజేయాల్సిన ఘటనల జాబితాలో నకిలీ మొబైల్ యాప్‌లూ ఉన్నాయి. గమనించిన ఆరు గంటల్లో చెప్పాలి. ఆ నివేదికను సంస్థ పంపింది. పోలీసు ఫిర్యాదుకు జతచేసిన ఏపీకేలకు, లాగులకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, అందులో హాష్ విలువ రాయాలి. కాబట్టి ఫోన్ నుంచి లాగిన ఫైలు హాష్‌ను తీసి సాక్షుల ముందు రాయించిన తరువాతే దాన్ని విప్పాం. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ వర్తిస్తుంది. అయితే లైసెన్స్ ఉన్న సర్టిఫైయింగ్ అథారిటీ సర్టిఫికెట్ లేని ఈ రసీదు సంతకాలు ఆ చట్టం నిర్వచించిన డిజిటల్ సంతకాలవుతాయా అన్నది న్యాయవాదులు వాదించుకోవాల్సిన విషయం. రసీదు సాంకేతికంగా గట్టిగా ఉండటం వేరు, చట్టం ముందు సంతకంగా నిలవడం వేరని సంస్థకు రాతపూర్వకంగా చెప్పాం.

హార్డ్‌వేర్ అటెస్టేషన్ ఇవ్వలేని పాత ఫోన్లు కొందరు సేల్స్‌మన్ల దగ్గర ఇంకా ఉన్నాయి. సొంత ఫోన్‌తో పనిచేయించుకుంటూ కొత్తది కొనుక్కోమనడం న్యాయం కాదని మేమన్నాం. ఆ ఫోన్లకు చీటీలో గరిష్ఠ మొత్తాన్ని బాగా తగ్గించి, సిగ్నల్ ఉన్న చోట మాత్రమే రసీదు ఇచ్చేలా పరిమితం చేశారు. బూట్‌లోడర్ తాళం తీసిన ఫోన్లకు మాత్రం నంబర్లు ఇవ్వడం లేదు. యాప్‌ను పక్కన పెట్టి తెల్లకాగితం మీద చేతిరాతతో రసీదు ఇచ్చే సేల్స్‌మన్‌ను ఈ ఏర్పాటు ఆపలేదు. దానికి సంస్థ దుకాణాలకు ఒక నోటీసు పంపింది: రాత్రి తొమ్మిదిలోగా ఎస్సెమ్మెస్ రాకపోతే ఇన్‌వాయిస్ మీద ఉన్న ఆఫీసు నంబరుకు ఫోన్ చేయాలని.